పాతికేళ్ల ఒప్పందాలు, అయిదేళ్ల చూపు

విశాఖలో అద్దె ఇంట్లో ఉండే ఎవరైనా తమ కరెంటు బిల్లును ఒకసారి నిదానంగా చదవాలి. వాడిన యూనిట్ల సొమ్ము ఒక వరస, స్థిర ఛార్జీ మరో వరస. వాటి కింద సర్దుబాటు ఛార్జీలు ఉంటాయి. 2014–19 మధ్య కాలానికి డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) చూపించిన ఖర్చుల లోటును 2022 ఆగస్టు నుంచి ‘ట్రూ అప్’ పేరుతో వినియోగదారుల దగ్గర వసూలు చేశారు. ఆ అయిదేళ్లలో ఆ ఇంట్లో ఎవరు ఉన్నారో, ఎంత కరెంటు కాల్చారో తర్వాత వచ్చిన అద్దెదారుకు తెలియదు. అయినా ఆ బాకీ అతని నెత్తినే పడింది. ఒక తరం ఆలోచించకుండా వదిలేసిన లెక్కను ఇంకొకరు చెల్లించడం మన ఇంధన వ్యవస్థకు అలవాటైపోయింది.

ఈ మధ్య మన విధాన చర్చల్లో బలంగా వినిపిస్తున్న ఒక వాదం ఆ అలవాటుకు సిద్ధాంతం హోదా ఇస్తోంది. ‘ఇరవై అయిదేళ్ల ఇంధన ప్రణాళిక అనేది కాలం చెల్లిన ఆలోచన. సాంకేతికత రోజురోజుకీ మారుతోంది. నిన్న పదిహేను రూపాయలున్న సౌర విద్యుత్తు ఇవాళ మూడు రూపాయల లోపే దొరుకుతోంది. బ్యాటరీల ధర పడిపోతోంది. ముందే లెక్కలు కట్టి చేతులు కట్టేసుకోవడం ఎందుకు? టెండరు పిలిస్తే చవకైనది వస్తుంది, లోటు పడితే విద్యుత్ ఎక్స్ఛేంజిలో కొనుక్కోవచ్చు. ప్రణాళిక మళ్లీ లైసెన్సు రాజ్యానికి దారి’ అని ఆ వాదం. దీన్ని చెప్పేవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు. వాళ్ల చేతిలో సాక్ష్యాలూ ఉన్నాయి. అయినా ఈ వాదం తప్పని, దేశానికి చేటు చేసేదని చెప్పడానికే ఈ వ్యాసం. అందుకు ఆధారాలు ఢిల్లీ దాకా వెళ్లి వెతకనక్కర్లేదు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కేంద్రం, రెండు పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్న విశాఖ తీరం మీద నిలబడితే చాలు.

ముందు ఎదుటివారి బలమైన సాక్ష్యాన్నే తీసుకుందాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 18వ విద్యుత్ సర్వేలో 2016–17కి దేశం గరిష్ఠ డిమాండు దాదాపు 2 లక్షల మెగావాట్లు ఉంటుందని అంచనా కట్టింది. తీరా ఆ ఏడు వచ్చేసరికి అది సుమారు 1.6 లక్షల మెగావాట్ల దగ్గరే ఆగింది. ఆ కాలపు అంచనాలను నమ్ముకుని కట్టిన కేంద్రాలు ఖాళీగా ఉన్నాయి. కరెంటు తీసుకోకపోయినా వాటికి స్థిర ఛార్జీలు కట్టాలి కాబట్టి డిస్కంలు కుంగిపోయాయి. ‘మీ దూరదృష్టి చేసిన నిర్వాకం ఇదే’ అంటారు వాళ్లు.

ఇది నిజమే. కానీ వాళ్లు రెండు వేర్వేరు వస్తువులను ఒకే మూటగా కడుతున్నారు. దీర్ఘకాలిక ఒప్పందం వేరు, దీర్ఘకాలిక ప్రణాళిక వేరు. ఒప్పందం అంటే ఒక అమ్మకందారుతో పాతికేళ్లకు ముడిపడటం. ప్రణాళిక అంటే ఆ ముడి వేసుకునే ముందు ఎంత కావాలి, ఎక్కడ కావాలి, ఏ ఇంధనంతో, ఆ ఇంధనం ఎక్కడి నుంచి, ఆ దారి మూసుకుపోతే రెండో దారి ఏది అని అన్నిటినీ ఒకచోట పెట్టి ఆలోచించడం. మనం ఒప్పందాలు పాతికేళ్లకు రాసుకున్నాం, ఆలోచన మాత్రం ఎన్నికల నుంచి ఎన్నికల దాకానే చేశాం. డిస్కంలను ముంచింది దూరదృష్టి కాదు, దగ్గరి చూపుతో రాసుకున్న దూరపు కాగితాలు.

ఈ తేడా కళ్లారా చూడాలంటే విశాఖ దక్షిణ శివార్లకు వెళ్లాలి. అక్కడ రెండు బొగ్గు కేంద్రాలున్నాయి. మొదటిది పరవాడ దగ్గరి సింహాద్రి. ఎన్టీపీసీ దాన్ని 1990ల చివర తలపెట్టినప్పుడే బొగ్గు తాల్చేరు గనుల నుంచి రైలు మీద వస్తుందని, చల్లబరచడానికి బంగాళాఖాతం నీళ్లు వాడాలని, మొదటి 1,000 మెగావాట్లూ ఆంధ్రప్రదేశ్‌కే అని తేల్చుకున్నారు. ఇంధనం, నీరు, కొనుగోలుదారు మూడూ ఖాయం అయ్యాకే పునాది పడింది. 2002లో మొదటి రెండు యూనిట్లు వెలిగాయి. తర్వాత పదేళ్లకు ఇంకో 1,000 మెగావాట్లు కలిశాయి. రెండోది పాలవలసలోని హిందూజా కేంద్రం. 1990ల మొదట్లో ఆర్థిక సంస్కరణల వేగంలో కేంద్రం ఎంచుకున్న ఎనిమిది ‘ఫాస్ట్ ట్రాక్’ ప్రాజెక్టుల్లో అదొకటి. ప్రైవేటు పెట్టుబడి వస్తే చాలు, మిగతావి వాటంతట అవే కుదురుతాయని అప్పటి నమ్మకం. ఒప్పంద పత్రాలు 1990ల్లోనే తయారయ్యాయి, 1,040 మెగావాట్ల ఆ కేంద్రం పని మొదలుపెట్టింది మాత్రం 2016లో. పూర్తయ్యాక కూడా దాని కరెంటు ధర మీద, ఒప్పందం మీద తగాదా సుప్రీంకోర్టు దాకా నడిచింది. ఒకే నగరం, ఒకే సముద్రం, ఒకే ఇంధనం. ఒకచోట ముందు ఆలోచన, తర్వాత సంతకం. ఇంకోచోట ముందు సంతకం. ఫాస్ట్ ట్రాక్ అనుకున్నదానికి పట్టిన కాలం రెండు దశాబ్దాల పైమాటే.

ఇంతకంటె పెద్ద గాయం గోదావరి తీరంలో ఉంది. 2002లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో భారీగా సహజవాయువు దొరికిందన్న ప్రకటన వచ్చింది. 2009 ఏప్రిల్‌లో డీ–6 బ్లాకు నుంచి ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని లెక్క. 2010లో అది 6 కోట్ల దాకా వెళ్లింది, ఆ తర్వాత ఏటా జారిపోయింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు అక్కడి గ్యాసు అందడమే ఆగిపోయింది. ఈలోగా గ్యాసు వస్తుందన్న మాట మీద వేమగిరి, కొండపల్లి, సామర్లకోట చుట్టూ కేంద్రాలు లేచాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రానికి తెచ్చిన యంత్రాలు ఒక్క రోజు కూడా పూర్తిగా తిరగలేదు. వాటిలో ఒక భాగాన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలించారు. దేశం మొత్తం మీద ఇలా చిక్కుకుపోయిన గ్యాసు కేంద్రాల సామర్థ్యం 14 వేల మెగావాట్లు దాటిందని పార్లమెంటు స్థాయీ సంఘమే లెక్క చెప్పింది. వాటికి అప్పులిచ్చింది మన బ్యాంకులే, అంటే మన డిపాజిట్లే.

మార్కెట్ వాదులు ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ కేంద్రాలన్నీ ప్రైవేటు సంస్థలు తమ సొంత లెక్కలతో కట్టుకున్నవే కదా? లాభనష్టాలు బేరీజు వేయడంలో వాళ్లకంటె నేర్పరులు లేరని కదా మీ వాదం? మరి ఒక్క బావి మీద అంతమంది ఎందుకు ఆశపెట్టుకున్నారు? ఎందుకంటే ప్రతి కంపెనీ తన కేంద్రానికి గ్యాసు చాలుతుందా అని మాత్రమే చూసుకుంది. అందరికీ కలిపి చాలుతుందా అని చూడటం ఏ ఒక్క కంపెనీ పనీ కాదు. అది దేశం చేయాల్సిన పని. అది చేసే చోటు దేశంలో ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో విశాఖ ఉక్కు కర్మాగారం చెబుతుంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రం లేచింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల జనం భూములు వదిలారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. ఇంత పోరాడి తెచ్చుకున్న కర్మాగారానికి సొంత ఇనుప గనిని ఇవ్వలేదు, కోకింగ్ బొగ్గుకు స్థిరమైన ఏర్పాటూ చేయలేదు. బైలదిల్లా ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీద దిగుతుంది, బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడలో వస్తుంది. ఉక్కు పరిశ్రమలో బొగ్గు అంటే కేవలం ఇంధనం కాదు. దాన్ని కోక్ చేసి ఫర్నేసులో వేస్తే ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసేది అదే, లోపలి బరువును మోసేది అదే. అది అందకపోతే ఫర్నేస్ ఆపాలి. కోక్ ఓవెన్లు అయితే ఆపడానికే వీల్లేదు. వేడి తగ్గితే లోపలి ఇటుక గోడలు బీటలు వారతాయి. బొగ్గు కుప్ప తరిగిపోతున్న రోజుల్లో ఉక్కునగరంలో కార్మికుల కుటుంబాలు ఎంత కంగారుపడతాయో గాజువాకలో ఎవరిని అడిగినా చెబుతారు.

2021 మొదట్లో టన్ను 150 డాలర్ల లోపున్న ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో 600 డాలర్లు దాటింది. ఆ ఏడాది మొదట్లో ఆగిన మూడో ఫర్నేస్ అన్నపూర్ణ 2023 డిసెంబరు ఆఖరుకు గానీ మళ్లీ రాజుకోలేదు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ సంక్షోభానికి వేరే కారణాలు లేవని నేను అనను. కానీ ఒకటి గమనించాలి. మన దేశంలో కోకింగ్ బొగ్గు లేకపోలేదు, ఝరియాలో ఉంది. బూడిద ఎక్కువ, కడిగి శుద్ధి చేయాలి. ఆ వాషరీలు చాలినన్ని కట్టకపోవడంతో దశాబ్దాలుగా అందులో పెద్ద భాగం విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో కాలిపోయింది. ఉక్కు కరిగించాల్సిన అరుదైన బొగ్గును ఆవిరి కోసం తగలబెట్టి, ఉక్కు కోసం డాలర్లు పోసి వేరే బొగ్గు తెచ్చుకున్నాం. బొగ్గు శాఖకు టన్నులు కావాలి, విద్యుత్ శాఖకు మెగావాట్లు కావాలి, ఉక్కు శాఖకు కోక్ కావాలి. ఎవరి లక్ష్యం వాళ్లు చేరుకున్నారు. దేశం నష్టపోయింది.

ఇక ‘లోటు పడితే ఎక్స్ఛేంజిలో కొనుక్కుందాం’ అన్న మాట. 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరాయి, బొగ్గు నిల్వలు అడుగంటాయి. ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర 20 రూపాయలకు ఎక్కింది. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి జోక్యం చేసుకుని 12 రూపాయల దగ్గర గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. ధర దిగింది కానీ సరుకు లేదు. ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరాయంగా నడవాల్సిన కర్మాగారాలను సగం కరెంటుతో సరిపెట్టుకోమన్నారు. పదేళ్ల కిందట, ఉమ్మడి రాష్ట్రంలో 2012లో కూడా ఇదే జరిగింది. నెలలో పన్నెండు రోజులు మిషన్లు ఆపుకున్న చిన్న పరిశ్రమల యజమానులు ఆటోనగర్లలో ఇప్పటికీ ఉన్నారు. బజారు అనేది మిగులును పంచడానికి మంచి సాధనం. లేనిదాన్ని పుట్టించే శక్తి దానికి లేదు. అందరికీ ఒకేసారి కావాల్సి వచ్చిన రోజున, అంటే మనకు నిజంగా అవసరమైన రోజున, బజారు ఖాళీ అవుతుంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినా నీళ్లు పడవచ్చు, అప్పటికి ఇల్లు ఉండదు.

ఇది మన వెనుకబాటు వల్ల వచ్చిన బాధ కాదు. చవకగా దొరుకుతోందని తన గ్యాసులో సగానికి పైగా రష్యా నుంచే తెచ్చుకున్న జర్మనీ 2022లో ఏమైందో చూశాం. యూరప్‌లోకెల్లా బలమైన ఆర్థిక వ్యవస్థ ఒక్క శీతకాలం గడపడానికి ప్రపంచమంతా తిరిగి ఎంత ధరకైనా గ్యాసు కొంది. ఆ కొనుగోళ్ల పోటీలో ఓడలు దారి మళ్లి మన పక్కనున్న పాకిస్తాన్, బంగ్లాదేశ్ చీకట్లో మగ్గాయి. అంతకు ముందు, 1973 చమురు సంక్షోభం చూసిన ఫ్రాన్స్ మరుసటి ఏడే ఒక దారి నిర్ణయించుకుని పదిహేనేళ్లలో తన కరెంటులో అధిక భాగాన్ని అణు కేంద్రాల మీదికి మార్చుకుంది. ఆ దారి మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఒక దేశం కూర్చుని తేల్చుకున్నదన్నది ముఖ్యం.

మనకూ అలా తేల్చుకున్న సందర్భాలు ఉన్నాయి. విశాఖ కొండల కిందే ఒకటి ఉంది. 1990–91 గల్ఫ్ సంక్షోభంలో విదేశీ మారకం అడుగంటి, బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చిన అనుభవం తర్వాత, అత్యవసర చమురు నిల్వలు ఉండాలన్న ఆలోచన బలపడింది. 2004లో అందుకోసమే ఒక సంస్థ ఏర్పడింది. విశాఖలో రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు కట్టారు. చుట్టూ రాతిలో ఉండే భూగర్భ జలం ఒత్తిడి చమురును బయటికి పోనివ్వదు. ఉక్కు ట్యాంకు అక్కర్లేదు, కొండే ట్యాంకు. 2015లో అది సిద్ధమైంది. ‘ఇంత డబ్బు రాళ్ల కింద పూడ్చడం ఎందుకు’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. 2020 వేసవిలో కరోనా వల్ల చమురు ధర పాతాళానికి పడినప్పుడు విశాఖ, మంగళూరు, పాదూరు గుహలను నింపుకుని దేశం 5 వేల కోట్ల రూపాయలకు పైగా ఆదా చేసింది. ఆ ధర అలా పడుతుందని 2004లో ఎవరూ ఊహించలేదు. ఊహించనక్కర్లేకపోయింది కూడా. ఏదో ఒక రోజు ఏదో ఒకటి తలకిందులవుతుందని తెలిసి చోటు సిద్ధంగా ఉంచుకున్నారు, అంతే.

ఉక్కు కర్మాగారంలోనే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్లు కుమ్మరించి చల్లార్చడం పాత పద్ధతి. ఆ వేడంతా ఆవిరై గాల్లో కలిసిపోతుంది. విశాఖలో మొదటి నుంచే నైట్రోజన్‌తో చల్లార్చే పద్ధతి పెట్టారు. ఆ వేడిని పట్టుకుని ఆవిరి చేసి కరెంటు తీస్తారు. దేశంలో అది మొదటిసారి. ఖర్చు ఎక్కువైనా 1980ల్లో ఇంజినీర్లు ముప్పై ఏళ్ల లెక్క చూశారు కాబట్టి అది అమరింది. ఆనాడు ‘తర్వాత చూద్దాం’ అని ఉంటే తర్వాత దాన్ని బిగించడానికి చోటు కూడా ఉండేది కాదు.

‘భవిష్యత్తు ఎవరికి తెలుసు?’ అన్న ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది. ప్రణాళిక జోస్యం కాదు. ఈ మాట విశాఖ ఓడరేవుకంటె బాగా చెప్పగలిగేది లేదు. ఉప్పుటేరు బురదలో లోతు తవ్వి, అలలను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి, 1933లో రేవు తెరిచారు. ఈ తీరం వెంబడి సముద్రం ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకుపోతుంది. రేవు నోటి దగ్గర ఆ ఇసుక పేరుకుంటుంది. ఏ ఏడు ఎంత ఇసుక వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని రేవు కట్టడం మానుకోలేదు. ఇసుక పట్టే గుంటను ముందే డిజైనులో పెట్టారు, ఏటా డ్రెడ్జర్ దాన్ని తోడుతుంది, ఆ ఇసుకతోనే ఆర్కే బీచ్‌ను నింపుతారు. తొంభై ఏళ్లుగా రేవు బతికి ఉన్నది ఇలాగే. ప్రణాళిక అంటే ఇదీ. దిశ స్థిరం, కొలత ఏటేటా సరిదిద్దుకునేది. 18వ సర్వే అంచనా తప్పినందుకు ప్రణాళికనే వదిలేద్దామనడం, ఒక ఏడు ఇసుక ఎక్కువ వచ్చిందని రేవును మూసేద్దామనడం లాంటిది. ఆ అంచనా తప్పుతోందని రెండేళ్లలోనే గుర్తించి కొత్త కేంద్రాలకు పగ్గం వేసే అధికారం ఎవరికీ లేకపోవడమే అసలు లోపం. అదే దేశంలో 2024 మే 30న గరిష్ఠ డిమాండు 2.5 లక్షల మెగావాట్లు తాకింది. ‘మిగులు ఉంది, చింత లేదు’ అన్నవాళ్ల అంచనా కూడా తప్పిందన్నమాట.

లైసెన్సు రాజ్యం వస్తుందన్న భయానికి కూడా సమాధానం చెప్పాలి. ఊళ్లో రోడ్డు ఎక్కడ వేయాలో, మురుగుకాలవ ఎటు పోవాలో పురపాలక సంఘం నిర్ణయిస్తుంది. ఆ రోడ్డు మీద ఏ దుకాణం పెట్టుకోవాలో మనం నిర్ణయించుకుంటాం. లేఅవుట్ ఉన్నంత మాత్రాన వ్యాపారం చచ్చిపోలేదు, లేఅవుట్ లేనిచోటే ఇళ్లు మునుగుతున్నాయి. ప్రైవేటు ఉత్పత్తికి తలుపులు తెరిచిన 2003 విద్యుత్ చట్టమే అయిదేళ్లకోసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారు చేయమంది. అది కరెంటు వరకే. బొగ్గు, గ్యాసు, చమురు, హైడ్రోజన్ అన్నీ కలిపి చూసే బాధ్యత మాత్రం చట్టంలో ఎవరికీ లేదు.

ప్రణాళిక లేని చోట ఆ భారం ఎవరి మీద పడుతుందో ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. అనుమతి అడిగినవాడికల్లా ఇచ్చుకుంటూ పోయిన రోజుల్లో శ్రీకాకుళం తీరంలో బొగ్గు కేంద్రాలు వరసకట్టాయి. సోంపేటలో బీల, కాకరాపల్లిలో తంపర. చేపకూ, పంటకూ, పశువుల మేతకూ ఆధారమైన ఈ తడి నేలలు కాగితాల మీద పనికిరాని భూములయ్యాయి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. పల్లె జనం చచ్చిపోయారు. ఆ రెండు చోట్ల నుంచీ ఇవాళ్టికి ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. ఏ చోట ఏది కట్టకూడదో ముందే గీసిన పటం ఒకటి ఉండి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. కొవ్వాడది ఇంకో రకం బాధ. 2009లో అణు విద్యుత్ కేంద్రానికి సూత్రప్రాయ ఆమోదం వచ్చింది. మొదట ఒక కంపెనీ రియాక్టర్లన్నారు, తర్వాత గుజరాత్‌లో వద్దన్నవి ఇక్కడికి మార్చి వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరన్నారు. కేంద్రం లేవలేదు. కానీ ఊరు పోతుందో ఉంటుందో తెలియని మత్స్యకారుడు ఇల్లు బాగుచేసుకోలేడు, కొత్తది కట్టుకోలేడు. నిర్ణయం లేకపోవడం కూడా ఒక హింసే.

ఇప్పుడు విశాఖ ముంగిట్లోకి కొత్త అలలు వస్తున్నాయి. ఒకప్పుడు 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం అనుకున్న పూడిమడకలో 2025 జనవరి 8న ప్రధాని గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు తగ్గకుండా కరెంటు పడుతుంది. అంటే రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు. ఎండాకాలంలో రాష్ట్రం మొత్తం రోజుకు వాడే కరెంటులో అది సుమారు మూడో వంతు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. గిగావాట్ అంటే సింహాద్రిలో సగం, రాత్రీ పగలూ ఆగకుండా. అనకాపల్లి జిల్లాలో ఇంకో పెద్ద ఉక్కు కర్మాగారం రాబోతోంది. ఇవి వద్దని నేను అనడం లేదు. మన పిల్లలకు పని కావాలి. కానీ ఈ మూడింటినీ ఒకే కాగితం మీద కూడి చూశారా?

సూర్యుడు కాసేది అనంతపురం, కర్నూలు నేలల మీద. కరెంటు కావాల్సింది విశాఖలో. మధ్యలో వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్లు. సౌర ఫలకాలు ఏడాదిలో పరుచుకోవచ్చు, ఆ లైన్లకు భూమి సేకరించి టవర్లు లేపడానికి ఏళ్లు పడుతుంది. పొద్దుగూకాక డేటా సెంటర్ ఆగదు కదా, ఆ వేళకు కరెంటు దాచుకోవాలి. సీలేరు ఎగువన 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం అందుకే తలపెట్టారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అది కొండను తొలిచే పని, టెండరు పిలిచిన మర్నాడు దొరికేది కాదు. ఇక నీళ్లు. కిలో హైడ్రోజన్‌కు కనీసం తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు పోతుంది. డేటా సెంటర్లను చల్లబరచడానికీ నీరే ఆధారం. ఏలేరు, రైవాడ, తాటిపూడి నీళ్లను లెక్కబెట్టుకుని తాగే నగరం ఇది. సముద్రపు నీటిని మంచినీరు చేసుకోవచ్చు, దానికీ మళ్లీ కరెంటే కావాలి. ఈ ముడులన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. ఒక్కో దారాన్ని ఒక్కో శాఖకు ఇస్తే చిక్కు విడదు.

ఇలా కలిపి చూడటం మనకు చేతకాక కాదు. 1965లో ఇంధన సర్వే సంఘం నివేదిక, 1974లో ఇంధన విధాన సంఘం నివేదిక వచ్చాయి. 2006లో కిరీట్ పారిఖ్ అధ్యక్షతన సమగ్ర ఇంధన విధానం తయారైంది. 2031–32 నాటికి దాదాపు 8 లక్షల మెగావాట్ల సామర్థ్యం కావాలని, అన్ని ఇంధనాలనూ కలిపి లెక్కగట్టింది. 2008లో కేంద్ర మంత్రివర్గం దాన్ని ఆమోదించింది. సౌర విద్యుత్తు ఇంత చవకవుతుందని అందులో లేదు. లేకపోవడం నేరం కాదు, ఆ తర్వాత దాన్ని ఎవరూ తిరగరాయకపోవడం నేరం. ప్రణాళికా సంఘం రద్దయింది. 2017లో నీతి ఆయోగ్ తెచ్చిన జాతీయ ఇంధన విధానం ముసాయిదాగానే మిగిలిపోయింది. ఈనాడు బొగ్గు, విద్యుత్, పెట్రోలియం, పునరుత్పాదక ఇంధనం నాలుగు మంత్రిత్వ శాఖల్లో ఉన్నాయి, అణుశక్తి విడిగా ఉంది. బొగ్గు మోసే రైలు, దింపే రేవు ఇంకో రెండు శాఖలు. 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని ప్రపంచానికి మాట ఇచ్చాం. ఆ మాటను నిలబెట్టే పని మాత్రం ఏ ఒక్కరి బల్ల మీదా లేదు.

కావాల్సింది నాలుగు పనులు. అన్ని ఇంధనాలనూ కలిపి చూసే ఒక శాశ్వత సంస్థను చట్టం ద్వారా ఏర్పాటు చేయాలి, మంత్రులు మారినా అది మారకూడదు. పాతికేళ్ల ప్రణాళికను రెండేళ్లకోసారి సరిదిద్ది, ఎక్కడ అంచనా తప్పిందో ఒప్పుకుంటూ పార్లమెంటు ముందు, శాసనసభల ముందు పెట్టాలి. పదేళ్లు దాటిన ప్రతి కొనుగోలు ఒప్పందమూ ఆ ప్రణాళికలో ఎక్కడ ఇముడుతుందో చూపించకుండా సంతకం కాకూడదు. నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, ఎక్కడ కట్టాలో ఎక్కడ కట్టకూడదో జిల్లాల వారీ పటాలు అక్కడి జనంతో కూర్చుని ముందే గీయాలి. సింహాద్రి మొదటి యూనిట్లకు 2042లో నలభై ఏళ్లు నిండుతాయి. ఆనాటికి పరవాడలో పనిచేసే మనిషి ఎటు వెళ్లాలో కూడా ఆ పటంలో ఉండాలి.

పార్టీలు దీన్ని తలకెత్తుకోవడం కష్టమని తెలుసు. ఫలం దక్కే వేళకు శంకుస్థాపన చేసినవారు పదవిలో ఉండరు. కానీ 1966లో వీధుల్లోకి వచ్చినవారు కూడా తమ కోసం రాలేదు. వాళ్లు అడిగిన ఫర్నేస్ వెలగడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది. అప్పటికి చాలామంది లేరు. తాము తినని పంటకు విత్తనం చల్లడం ఈ నేలకు తెలియని విద్య కాదు.

ఈ ఏడు సంతకమయ్యే పాతికేళ్ల ఒప్పందం 2050 దాటినా నడుస్తుంది. ఈ నెల విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు అప్పటికి ఉద్యోగం వచ్చి, తన పేరు మీద మొదటి కరెంటు బిల్లు వస్తుంది. అందులో తాను వాడిన యూనిట్ల కింద, తాను పుట్టకముందు ఎవరో ఆలోచించకుండా రాసిన సంతకాల బాకీ ఉంటుందా, ఉండదా? అది తేల్చవలసింది ఇప్పుడు, మనమే.